ఇంప్రూవ్డ్ సాంబ మసూరికి అగ్గి తెగులు నిరోధకత: పదకొండో క్రోమోజోము మీద మా పని డైరీ

ఎండాకు తెగులును తట్టుకునే ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వరిలోకి అగ్గి తెగులును తట్టుకునే పీఐ54 అనే జన్యువును తేవడం, తెచ్చేటప్పుడు ఆ రకంలో ఇప్పటికే ఉన్న మూడు నిరోధక జన్యువుల్లో ఒక్కటి కూడా చేజారకుండా, గింజ సన్నదనం చెడకుండా చూసుకోవడం ఈ ప్రాజెక్టు పని. ఒక్కో పంటకాలంలో రాసుకున్న వివరాలను ఇక్కడ వరుసగా పెడుతున్నాను. మార్కర్ల, అంటే కావలసిన జన్యువు మొక్కలో ఉందో లేదో చూపే డీఎన్‌ఏ గుర్తుల సాయంతో వరి రకాలను మెరుగుపరిచే పనిలోకి కొత్తగా వచ్చే విద్యార్థులకు ఇందులో ఎక్కువ ఉపయోగపడేది పదకొండో క్రోమోజోము గురించిన భాగమని నా నమ్మకం. అందుకే అక్కడ ఎక్కువ సేపు ఆగాను.

2023 ఖరీఫ్, నాట్లకు ముందు

బాపట్ల వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204నే మనం సాంబ మసూరి అంటున్నాం. దాదాపు 150 రోజుల పంట. సన్న గింజ కావడం, అన్నం బాగా కుదరడం వల్ల మిల్లరూ, తినేవారూ కోరుకునే రకం ఇది. ఆ గిరాకీ వల్లే దీని బలహీనతలు తెలిసి కూడా రైతు దీన్ని వదులుకోలేకపోతున్నాడు. ఆ బలహీనతల్లో పెద్దవి రెండు: బ్యాక్టీరియా వల్ల వచ్చే ఎండాకు తెగులు, శిలీంధ్రం వల్ల వచ్చే అగ్గి తెగులు. అగ్గి తెగులుకు ట్రైసైక్లజోల్‌ను లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున కలిపి పిచికారీ చేస్తే కొంత ఫలితం కనిపిస్తుంది. వెన్ను బయటికి వచ్చాక మెడవిరుపు రూపంలో సోకితే మాత్రం అప్పటికే ఆలస్యమై ఉంటుంది. ఎండాకు తెగులుకు అంత నమ్మకంగా పనిచేసే మందే లేదు. నత్రజని వేయడం ఆపమని, ఒక మడి నీరు పక్క మడికి పారకుండా చూసుకోమని చెప్పడం తప్ప సలహాదారు చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. తెగులును తట్టుకునే గుణం విత్తనంలోనే ఉండాలని మేము పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఎండాకు తెగులు విషయంలో ఆ పని ఇదివరకే జరిగింది. హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), అప్పటి వరి పరిశోధన సంచాలకాలయం (నేటి భారత వరి పరిశోధన సంస్థ) కలిసి మార్కర్ల ఆధారంగా మూడు జన్యువులను సాంబ మసూరిలోకి తెచ్చి, 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని విడుదల చేశాయి. ఆ మూడు జన్యువులూ మూడు వేర్వేరు పద్ధతుల్లో పనిచేస్తాయి కాబట్టి వాటిని విడివిడిగా అర్థం చేసుకోవడం అవసరం.

మొదటిది ఎక్స్‌ఏ21. పశ్చిమాఫ్రికాలోని మాలి దేశానికి చెందిన ఒరైజా లాంజిస్టామినాటా అనే అడవి వరి నుంచి, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గురుదేవ్ ఖుష్ బృందం దీన్ని సాగు వరిలోకి తెచ్చింది. 1995లో పమేలా రోనాల్డ్ బృందం ఆ జన్యువును విడదీసి చూపింది. ఇది కణత్వచం మీద ఉండే ఒక గ్రాహక ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. బ్యాక్టీరియా విడుదల చేసే రాక్స్‌ఎక్స్ అనే చిన్న పెప్టైడు దానికి తగలగానే మొక్క రక్షణ చర్యలు మొదలవుతాయి. ఇది బహిర్గత జన్యువు, ఒక్క ప్రతి ఉన్నా పనిచేస్తుంది.

మిగతా రెండూ అంతర్గత జన్యువులు. బ్యాక్టీరియా తన ప్రోటీన్లను మొక్క కణంలోకి పంపి, స్వీట్11 అనే చక్కెర రవాణా జన్యువును బలవంతంగా పనిచేయించి, కణం నుంచి బయటికి కారిన చక్కెరను తిని బతుకుతుంది. ఎనిమిదో క్రోమోజోము మీది ఎక్స్‌ఏ13 అంటే ఆ స్వీట్11 జన్యువు ముందున్న నియంత్రణ భాగంలో వచ్చిన మార్పే. మార్పు ఉన్న మొక్కలో బ్యాక్టీరియా ప్రోటీనుకు అతుక్కునే చోటు దొరకదు. ఐదో క్రోమోజోము మీది ఎక్స్‌ఏ5 మరింత లోతైన చోట అడ్డుపడుతుంది. జన్యువుల పఠనాన్ని ఆరంభించే యంత్రాంగంలోని టీఎఫ్2ఏ గామా అనే భాగంలో ఒకే ఒక అమైనో ఆమ్లం మారడంతో, బ్యాక్టీరియా ప్రోటీన్లు ఆ యంత్రాంగాన్ని తమ పనికి వాడుకోలేకపోతాయి. ఇవి రెండూ రెండు ప్రతులూ ఉంటేనే పనిచేస్తాయి. ఒక ప్రతి మాత్రమే ఉన్న మొక్క పొలంలో తెగులుకు లొంగిపోతుంది, చూపుతో దాన్ని గుర్తుపట్టే వీలు లేదు. మార్కర్లు లేని కాలంలో ఇలాంటి జన్యువులను పశ్చ సంకరణంతో, అంటే సంకర మొక్కను మళ్లీ మళ్లీ అసలు రకంతోనే సంకరం చేసే పద్ధతితో తేవాలంటే మధ్యమధ్యలో ఒక తరాన్ని స్వపరాగ సంపర్కానికి వదిలి, తెగులు సోకించి చూసి, మళ్లీ సంకరం చేయాల్సి వచ్చేది.

అగ్గి తెగులుకు మేము ఎంచుకున్న పీఐ54 వియత్నాం దేశవాళీ వరి టెటెప్‌లో ఉంది. మన దేశ శాస్త్రవేత్తలే 2005లో దాన్ని విడదీశారు. ఇది కూడా బహిర్గత జన్యువే. మనం కోరే గుణాల్లో టెటెప్ దగ్గర ఉన్నది ఈ ఒక్కటే. మొక్క పొడవు, పడిపోయే గుణం, గింజ ఆకారం, వీటిలో ఏదీ సాంబ మసూరిలోకి రాకూడదు.

2023 ఖరీఫ్, అక్టోబరు

రెండు రకాలూ ఒకేసారి పూతకు రావు కాబట్టి టెటెప్ నారును వారం వారం తేడాతో విడతలుగా పోశాం. ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని తల్లిగా తీసుకున్నాం. వెన్ను సగానికి పైగా బయటికి వచ్చిన దుబ్బులను ఎంచి, సాయంత్రం పూట ఒక్కో పువ్వు పైభాగాన్ని మూడో వంతు మేర ఏటవాలుగా కత్తిరించి, లోపలి ఆరు కేసరాలనూ సన్నని చిమటాతో తీసేసి, వెన్నుకు బటర్ పేపర్ సంచి తొడగాలి. దీన్నే విపుంసీకరణ అంటాం. మరునాడు ఉదయం పది దాటాక తండ్రి వెన్ను సుంకు రాల్చే వేళ చూసి, సంచి పైభాగం తెరిచి, ఆ వెన్నును లోపల నెమ్మదిగా విదిలించి, మళ్లీ మూసేయాలి.

మా క్షేత్రంలో ఏళ్లుగా ఈ పని చేస్తున్న ఒక అక్క చేతివాటం చూస్తే ఈ పనిలో నేర్పు ఎంత ముఖ్యమో తెలుస్తుంది. కేసరం తీసేటప్పుడు కీలాగ్రం నలిగితే గింజ పట్టదు. కేసరం ఒక్కటి మిగిలిపోతే తన పుప్పొడితోనే గింజ కడుతుంది. నాలుగో రోజు సంచులను వెలుతురుకు ఎత్తి చూసి, "ఈ వెన్నుకు మంచిగ పట్టినయ్ మేడం, గా పక్కదాన్ల రెండే నిలిచినయ్" అని ఆమె అప్పుడే చెప్పేసింది. నెలకు కోసి చూస్తే లెక్క అలాగే ఉంది. సంకర గింజకు పొట్టు పైన తెగి ఉంటుంది కాబట్టి బియ్యపు కొన బయటికి కనిపిస్తుంది. దాన్ని బూజు పట్టకుండా ఆరబెట్టి జాగ్రత్త చేయడం కూడా ఒక పనే.

2023-24 రబీ

ఎఫ్1 మొక్కలు, అంటే తొలి సంకర తరపు మొక్కలు, నిజమైన సంకరాలో కాదో పీఐ54 మార్కరుతో చూశాం. ఈ మార్కరుతో పెంచిన డీఎన్‌ఏ ముక్కలను జెల్ మీద పొడవును బట్టి విడదీస్తే, నిరోధక రూపం 216 బేస్ జతల (డీఎన్‌ఏ పొడవును కొలిచే ప్రమాణం) దగ్గర, లొంగే రూపం 359 దగ్గర గీతగా కనిపిస్తాయి. రెండు గీతలూ ఉన్న మొక్కలే సంకరాలు. వాటి పుప్పొడిని మళ్లీ ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వెన్నుల మీద వేసి బీసీ1ఎఫ్1, అంటే మొదటి పశ్చ సంకరణ తరపు గింజలు తీశాం. ఈ కాలంలో అంతకు మించి రాయవలసింది లేదు. మార్చి చివర్లో ఎండలు ముదిరితే గింజ పట్టడం తగ్గుతుంది కాబట్టి సంకరాలను ఆలోపే ముగించాం.

2024 ఖరీఫ్, జులై: అసలు చిక్కు

ఎక్స్‌ఏ21, పీఐ54 రెండూ పదకొండో క్రోమోజోము పొడవాటి భుజం మీదే, ఒకదానికొకటి సుమారు 40 లక్షల బేస్ జతల దూరంలో ఉన్నాయి. ఒకే క్రోమోజోము మీద దగ్గరగా ఉన్న జన్యువులు కలిసి సంక్రమించడాన్ని సహలగ్నత అంటాం. కావలసిన రెండు జన్యువులూ ఒకే తల్లిదండ్రి నుంచి వస్తే సహలగ్నత మనకు మేలు చేస్తుంది. ఇక్కడ పరిస్థితి దానికి విరుద్ధం. ఎక్స్‌ఏ21 ఉన్న క్రోమోజోము ఇంప్రూవ్డ్ సాంబ మసూరిది, దాని మీద పీఐ54 లేదు. పీఐ54 ఉన్న క్రోమోజోము టెటెప్‌ది, దాని మీద ఎక్స్‌ఏ21 లేదు. ఎఫ్1లో ఈ రెండూ ఎదురెదురుగా ఉంటాయి. పీఐ54 కోసం ఏ మొక్కను ఎంచినా, ఆ క్రోమోజోము మీద ఎక్స్‌ఏ21 ఉండవలసిన చోట లొంగే రూపమే కూర్చుని ఉంటుంది. అలాగే ముందుకు పోతే చివరికి స్వపరాగ సంపర్కం జరిపినప్పుడు, పీఐ54 రెండు ప్రతులూ ఉన్న మొక్కలో ఎక్స్‌ఏ21 దాదాపు ఉండదు. ఎక్స్‌ఏ21 రెండు ప్రతులూ ఉన్నదాంట్లో పీఐ54 ఉండదు. ఎన్ని తరాలు పశ్చ సంకరణం చేసినా ఈ చిక్కు దానంతట అది విడిపోదు.

విడిపోవాలంటే ఎఫ్1 మొక్కలో పుప్పొడి తయారయ్యే క్షయకరణ విభజనలో, ఆ రెండు జన్యువుల మధ్య ఎక్కడో ఒకచోట క్రోమోజోములు ముక్కలు మార్చుకోవాలి. ఈ వినిమయం జరిగిన పుప్పొడి రేణువులో ఎక్స్‌ఏ21, పీఐ54 ఒకే క్రోమోజోము మీదికి చేరతాయి. వరిలో సగటున పది లక్షల బేస్ జతలకు దాదాపు నాలుగు శాతం వినిమయం జరుగుతుందని లెక్క. ఆ ప్రకారం పీఐ54 వచ్చిన మొక్కల్లో సుమారు ఏడింట ఒకటి ఇలాంటిది ఉండాలి. కానీ ఎక్స్‌ఏ21 అడవి వరి నుంచి వచ్చిన ముక్క మీద ఉంది. జాతి వేరైన డీఎన్‌ఏ ఎదురుగా ఉన్నచోట క్రోమోజోములు సరిగా జత కుదరక వినిమయం తగ్గుతుంది. కాబట్టి ఏడింట ఒకటి అన్నది మాకు పై హద్దు, అంతకు మించి ఆశించే వీలు లేదు.

ఈ లెక్కతోనే ఎన్ని బీసీ1 గింజలు కావాలో ముందే నిర్ణయించాం. పీఐ54 సగం మొక్కల్లో ఉంటుంది. వాటిలో వినిమయం జరిగినవి గరిష్ఠంగా ఏడింట ఒకటి. ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13 రెండూ సమయుగ్మజ స్థితిలో, అంటే ఒక్కోటి రెండు ప్రతులుగా ఉండడం నాలుగింట ఒకటి. మూడూ గుణిస్తే యాభై ఆరు మొక్కల్లో ఒకటి తేలుతుంది, అదీ అదృష్టం బాగుంటేనే. పది పదిహేను మొక్కలతో పశ్చ సంకరణం నడిపే అలవాటు చాలా ప్రయోగశాలల్లో ఉంది. విడిగా ఉన్న ఒక జన్యువుకు ఆ సంఖ్య సరిపోతుంది. ఎదురెదురు సహలగ్నత ఉన్నచోట అలా చేస్తే ఎదురుచూసే మొక్క పుట్టే అవకాశమే దాదాపు ఉండదు. రబీలో సంకరాల మీద పెట్టిన శ్రమ అంతా ఈ సంఖ్య కోసమే.

నారు ఇరవై రోజుల వయసులో ఉండగా ఒక్కో మొక్క నుంచి వేలెడు ఆకుముక్క కత్తిరించి, చీటీ కట్టిన గొట్టంలో వేసి, మంచు పెట్టెలో ప్రయోగశాలకు తెచ్చాం. డీఎన్‌ఏను సీటాబ్ అనే రసాయనం వాడే పద్ధతిలో తీశాం. ముందు అన్ని మొక్కలనూ పీఐ54 మార్కరుతో చూసి, రెండు గీతలు వచ్చినవాటిని మాత్రమే ఉంచుకున్నాం. తల్లి వెన్నులో కేసరం మిగిలిపోయి తనతో తానే గింజ కట్టిన మొక్కలు ఉంటే వాటిలో 359 గీత ఒక్కటే వస్తుంది కాబట్టి అవి ఈ దశలోనే తొలగిపోతాయి.

ఇక ఎక్స్‌ఏ21కు పక్కనే ఉన్న పీటీఏ248 మార్కరు. నిరోధక రూపానికి గీత సుమారు 1000 బేస్ జతల దగ్గర, లొంగే రూపానికి సుమారు 700 దగ్గర వస్తుంది. పీఐ54 ఉన్న మొక్కల్లో వినిమయం జరగకపోతే రెండు గీతలూ కనిపించాలి. వినిమయం జరిగి ఉంటే తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఎక్స్‌ఏ21 వస్తుంది కాబట్టి పైగీత ఒక్కటే ఉండాలి. అతినీలలోహిత దీపం మీద జెల్ పెట్టి చూస్తే, వరుసగా జంట గీతల గడులు, వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పైగీత మాత్రమే వెలుగుతున్న గడులు కనిపించాయి. మేము వెతుకుతున్నది అవే.

అయితే ఒక గీత లేకపోవడాన్ని రుజువుగా తీసుకోవడంలో ప్రమాదం ఉంది. పీసీఆర్, అంటే డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే చర్య, సరిగా జరగకపోయినా గీత రాదు. మామూలుగా చిన్న ముక్కే తేలికగా పెరుగుతుంది కాబట్టి 700 గీత మాయమై 1000 గీత ఉండిపోవడం అరుదే అయినా, ఒంటి గీత వచ్చిన ప్రతి మొక్క నుంచీ మళ్లీ కొత్త ఆకు తెచ్చి, డీఎన్‌ఏ కొత్తగా తీసి, రెండు మార్కర్లనూ మళ్లీ నడిపించాం. ఆ తర్వాత రెండు జన్యువుల మధ్యనున్న ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లతో (డీఎన్‌ఏలో చిన్న వరుస పదేపదే వచ్చే చోట్లను చూసే గుర్తులు) వినిమయం ఏ స్థానంలో జరిగిందో గుర్తించాం. నిర్ధారణ అయిన మొక్కల సంఖ్య మేము లెక్క వేసిన పై హద్దు కంటే తక్కువే, అయినా పని సాగడానికి చాలినంత ఉంది.

2024 ఖరీఫ్, ఆగస్టు: ఏ మొక్కను ఎంచాలి

ఇక్కడ బృందంలో చర్చ చాలా సేపు సాగింది. ఒక మొక్కలో ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ21 మూడూ సమయుగ్మజంగా స్థిరపడి ఉన్నాయి, పీఐ54 ఒక ప్రతి ఉంది. కాగితం మీద చూస్తే ఇదే అన్నిటికంటే మంచి మొక్క. కానీ దానిలో వినిమయం ఎక్స్‌ఏ21కు చాలా దగ్గరగా జరిగింది, అంటే అక్కడి నుంచి పీఐ54 దాకా ఉన్న పొడవైన ముక్క అంతా టెటెప్‌దే. ఇంకో మొక్కలో వినిమయం పీఐ54కు దగ్గరగా జరిగింది, కాబట్టి ఆ వైపున టెటెప్ ముక్క చిన్నది. అయితే దానిలో ఎక్స్‌ఏ13 విషమయుగ్మజంగా, అంటే ఒక్క ప్రతిగా మాత్రమే ఉంది.

నేను రెండో మొక్క వైపే మాట్లాడాను. ఎక్స్‌ఏ13 వచ్చే తరంలో సగం మొక్కల్లో దానంతట అదే స్థిరపడుతుంది, దానికి ఒక మార్కరు పరీక్ష చాలు. పీఐ54 పక్కనే జరిగిన వినిమయం మళ్లీ కావాలంటే ఎన్ని మొక్కలు పెంచినా దొరుకుతుందన్న హామీ లేదు. అరుదుగా దొరికేదాన్ని ముందు భద్రం చేసుకుని, తేలికగా దొరికేదాన్ని తర్వాత తెచ్చుకోవడమే ఈ పనిలో సరైన క్రమమని నా అభిప్రాయం. చివరికి రెండు మొక్కలతోనూ బీసీ2 సంకరాలు చేశాం గానీ, ఎక్కువ వెన్నులు రెండో మొక్క పుప్పొడికే కేటాయించాం.

ఈ ఎంపికతో మాకు ఒక పెద్ద వెసులుబాటు కలిగింది. ఎక్స్‌ఏ21, పీఐ54 ఒకే క్రోమోజోము మీదికి వచ్చేశాయి, ఎదురుగా ఉన్నది ఎక్స్‌ఏ21 ఉన్న తల్లి క్రోమోజోమే. కాబట్టి ఇకపై పుట్టే ప్రతి మొక్కలోనూ ఎక్స్‌ఏ21 రెండు ప్రతులూ ఉండితీరతాయి. ఆ జన్యువును వెతికే పని ఇక లేదు. పీఐ54 ఒక్కదాన్నే వెంట తీసుకుపోవాలి.

2024-25 రబీ

బీసీ2ఎఫ్1 మొక్కల్లో పీఐ54 ఉన్నవాటిని, అందులో ఎక్స్‌ఏ13 స్థిరపడినవాటిని ఏరాక, ఈసారి పీఐ54కు రెండో పక్కన, అంటే క్రోమోజోము కొన వైపున వినిమయం జరిగిన మొక్కల కోసం వెతికాం. ఒకే తరంలో రెండు పక్కలా దగ్గరలోనే వినిమయం జరగడం దాదాపు అసాధ్యం కాబట్టి ఒక్కో పక్కకు ఒక్కో తరం కేటాయించడం ఈ రంగంలో స్థిరపడిన పద్ధతి. కొన వైపు మేము ఆశించినంత దగ్గర్లో దొరకలేదు. దొరికిన వాటిలో దగ్గరిదాన్ని తీసుకున్నాం.

మిగతా పదకొండు క్రోమోజోముల పరిస్థితిని కూడా ఈ దశలోనే చూశాం. లెక్క ప్రకారం బీసీ1లో సగటున 75 శాతం, బీసీ2లో 87.5 శాతం, బీసీ3లో 93.75 శాతం తల్లి రకపు జన్యుసంపద తిరిగి వస్తుంది. ఇవి సగటులు మాత్రమే, మొక్కకూ మొక్కకూ తేడా చాలా ఉంటుంది. క్రోమోజోములన్నిటి మీదా పరుచుకున్న మార్కర్లతో చూసి సగటును మించినవాటిని ఎంచుకుంటే ఒక తరం ఆదా అవుతుంది. ఎంచుకున్న మొక్కలు ఎత్తులో, ఆకుల నిలుపులో అప్పటికే సాంబ మసూరిని పోలి ఉన్నాయి. అందుకే బీసీ3కి పోకుండా స్వపరాగ సంపర్కానికి వదిలాం.

ఆ మే నెలలోనే, జన్యు సవరణతో రూపొందించిన రెండు వరి రకాలను మన దేశం ప్రకటించింది. అందులో కమల అనే పేరు పెట్టిన డీఆర్‌ఆర్ ధాన్ 100 సాంబ మసూరి నుంచే వచ్చింది. వెన్నుకు గింజల సంఖ్యను నియంత్రించే జన్యువును సవరించి దాన్ని తయారుచేశారు. ఎండాకు తెగులు విషయంలో కూడా స్వీట్ జన్యువుల ముందరి భాగాలను సవరించి విస్తృత నిరోధకత సాధించవచ్చని 2019లోనే విదేశీ బృందాలు చూపాయి. ఈ మార్గం ఉండగా సంకరాలు ఎందుకని మా విద్యార్థి ఒకరు అడిగారు. ఉన్న జన్యువును ఆపడానికీ, దాని నియంత్రణను మార్చడానికీ సవరణ చక్కగా పనికొస్తుంది. పీఐ54 లాంటి జన్యువు పనిచేసే రూపం సాంబ మసూరిలో లేనే లేదు. దాన్ని ఎక్కడి నుంచో తేవాలి. అందుకు సంకరమే నేటికీ నమ్మకమైన దారి అని నేను చెప్పాను, ఇప్పటికీ అదే అంటాను.

2025 ఖరీఫ్

బీసీ2ఎఫ్2లో, అంటే ఆ స్వపరాగ సంపర్కంతో వచ్చిన తరంలో, పీఐ54 సమయుగ్మజంగా ఉన్న నాలుగో వంతు మొక్కలను నారుమడిలోనే మార్కరుతో ఏరి నాటాం. జెల్ మీద 216 గీత ఒక్కటే ఉన్న మొక్కలివి. ఇక్కడి నుంచి మార్కరు చెప్పినదాన్ని పొలంలో నిరూపించుకోవాలి.

ఎండాకు తెగులు పరీక్షను సెప్టెంబరులో, పిలకలు బాగా తొడిగిన దశలో చేశాం. ఎక్స్‌ఏ21 లేత మొక్కల్లో బలహీనంగా ఉండి, వయసు పెరిగేకొద్దీ పూర్తి శక్తితో పనిచేస్తుంది కాబట్టి నారు దశలో పరీక్షిస్తే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. పెట్రీ పళ్లెంలో పెంచిన బ్యాక్టీరియాను నీటిలో కలిపి, కత్తెర మొనను అందులో ముంచి, ఒక్కో మొక్కకు పూర్తిగా విచ్చుకున్న ఐదారు ఆకుల కొనలను రెండు మూడు సెంటీమీటర్ల మేర కత్తిరించాలి. బ్యాక్టీరియా తెగిన ఈనెల గుండా లోపలికి పోతుంది.

రెండు వారాల తర్వాత స్కేలు పట్టుకుని మళ్లలోకి దిగాం. లొంగే రకంగా నాటిన టీఎన్1లో, మామూలు సాంబ మసూరిలో కత్తిరించిన చోటి నుంచి అంచుల వెంబడి అలల్లాంటి పసుపు చార కిందికి దిగి, ఆకు సగానికి పైగా ఎండుగడ్డి రంగుకు తిరిగింది. ఉదయం పూట ఆ చారల మీద బ్యాక్టీరియా జిగురు లేత పసుపు బిందువులుగా నిలిచి ఉంది. వేలితో తాకితే అంటుకుంటుంది, ఎండెక్కాక ఎండి పొక్కులా రాలిపోతుంది. మా వంశాల్లో తెగిన అంచు దగ్గర గోధుమ రంగు గీత కట్టి అక్కడే ఆగిపోయింది. ఇంప్రూవ్డ్ సాంబ మసూరితో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనిపించలేదు. నాలుగో జన్యువు చేరినందువల్ల మొదటి మూడు బలహీనపడలేదని ఈ పరీక్షతో మాకు తేలింది.

కోతకు ముందు మొక్క ఎత్తు, పూత రోజు, వెన్ను పొడవు, గింజ ఆకారం నమోదు చేసి, సాంబ మసూరికి దూరంగా ఉన్న వంశాలను వదిలేశాం. మార్కర్ల దృష్టిలో చాలా బాగున్న ఒక వంశంలో గింజ కొద్దిగా లావుగా ఉంది. దాన్ని కూడా పక్కన పెట్టాం. సన్నదనం పోయిన సాంబ మసూరిని ఎన్ని జన్యువులు ఉన్నా రైతు నాటడు.

2025-26 రబీ, అగ్గి తెగులు నర్సరీ

కొత్తగా కోసిన గింజకు నిద్రావస్థ ఉంటుంది కాబట్టి వేడి చేసి దాన్ని తొలగించి, బీసీ2ఎఫ్3 విత్తనాన్ని నర్సరీలో విత్తాం. ఎత్తైన మడుల్లో ఒక్కో వంశాన్ని అర మీటరు వరుసగా పోసి, ప్రతి ఐదు వరుసలకూ ఒకసారి, మడి చుట్టూ కూడా హెచ్‌ఆర్12 అనే బాగా లొంగే రకాన్ని పోస్తాం. తెగులును పెంచి, గాలిలో శిలీంధ్ర బీజాలు చల్లేది ఆ వరుసలే. నత్రజని ఎక్కువగా వేసి, పగలు తరచు నీరు చిలకరించి, రాత్రిళ్లు పాలిథీన్ కప్పి, ఆకు ఎప్పుడూ తడిగా ఉండేలా చూస్తాం. పొలంలో రైతు ఏ పరిస్థితులు రాకూడదని కోరుకుంటాడో వాటన్నిటినీ ఇక్కడ కోరి తెచ్చుకోవాలి.

మూడు వారాలు దాటేసరికి హెచ్‌ఆర్12 వరుసల్లో రెండు కొనలూ సూదిగా, నడుమ బూడిద రంగుతో, అంచులు గోధుమ రంగుతో నూలుకండె ఆకారపు మచ్చలు వచ్చి, అవి ఒకదానితో ఒకటి కలిసి ఆకులు పూర్తిగా మాడిపోయాయి. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వరుసలు కూడా అదే దారిలో ఉన్నాయి. సున్నా నుంచి తొమ్మిది దాకా ఉండే అంతర్జాతీయ కొలమానంలో మా వంశాల్లో ఎక్కువ భాగం నిరోధక శ్రేణిలోనే నిలిచాయి. వాటి ఆకుల మీద గుండుసూది తలంత గోధుమ చుక్కలు తప్ప నడుమ బూడిద రంగున్న మచ్చ కనిపించలేదు. శిలీంధ్రం లోపలికి దిగబోయిన చోట మొక్క తన కణాలను తానే చంపుకుని దాన్ని అడ్డుకున్న గుర్తులు ఆ చుక్కలు.

రెండు వంశాలు మాత్రం మధ్యస్థంగా ఉన్నాయి. మార్కరు ప్రకారం వాటిలోనూ పీఐ54 రెండు ప్రతులూ ఉన్నాయి. టెటెప్‌లో పీఐ54 ఒక్కటే కాక ఇతర నిరోధక జన్యువులు కూడా ఉంటే, మంచి వంశాల్లోకి వాటి ముక్కలు కూడా వచ్చి ఉండవచ్చునని నా ఊహ. అన్ని వంశాలనూ స్నిప్ మార్కర్లతో (డీఎన్‌ఏలో ఒక్క అక్షరపు తేడాను చూపే గుర్తులు) మరింత దట్టంగా పరీక్షించి, నిరోధక వంశాల్లో ఉండి ఈ రెండింటిలో లేని టెటెప్ ముక్క ఏదైనా ఉందేమో చూస్తున్నాం. ఉంటే దాన్ని విడిగా పట్టుకోవడం మరో ప్రాజెక్టు అవుతుంది.

నర్సరీలో ఆకు మీద వచ్చిన ఫలితం మెడవిరుపుకు పూర్తిగా వర్తిస్తుందని అనుకోకూడదు. సాంబ మసూరి రైతుకు ఎక్కువ నష్టం చేసేది మెడ దగ్గర సోకే దశే. దాన్ని వెన్ను వచ్చే వేళ చలి, మంచు ఉండే ప్రాంతాల్లో విడిగా చూడాలి.

ఇప్పుడు నడుస్తున్న పని

ఎంచిన వంశాల ధాన్యం మిల్లు పరీక్షలో ఉంది. నిండు బియ్యం శాతం, వండాక గింజ పొడవు, అమైలోజ్, జెల్ గుణం చూస్తున్నాం. ఒక్కో నమూనా నుంచి ఆరు బియ్యపు గింజలను 1.7 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో 23 గంటలు ఉంచి, అవి ఎంత మేర విచ్చుకున్నాయో చూసే క్షార పరీక్ష కూడా జరుగుతోంది. ఇంప్రూవ్డ్ సాంబ మసూరికి రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచే బియ్యమని పేరుంది, గ్లైసీమిక్ సూచిక 51 దగ్గర ఉంది. ఆ గుణం కొత్త వంశాల్లో నిలిచిందో లేదో చూపే పరీక్షకు కూడా నమూనాలు సిద్ధం చేశాం.

రాబోయే ఖరీఫ్‌కు రెండు పనులు అనుకున్నాం. నాణ్యతలో నిలబడిన వంశాలను మెడవిరుపు ఎక్కువగా వచ్చే చోట్ల ఇంప్రూవ్డ్ సాంబ మసూరి పక్కనే నాటి, ఒక భాగానికి ట్రైసైక్లజోల్ పిచికారీ చేసి, ఇంకో భాగానికి చేయకుండా దిగుబడి పోల్చడం మొదటిది. ఆరో క్రోమోజోము మీద ఉన్న పీఐ2 అనే మరో అగ్గి తెగులు జన్యువును ఇదే వంశంలోకి తేవడానికి సంకరాలు మొదలుపెట్టడం రెండోది. శిలీంధ్రపు కొత్త జాతి ఒకటి పీఐ54ను దాటితే రెండోది అడ్డుగా ఉండాలన్నది దాని ఉద్దేశం. మన నాలుగు జన్యువుల్లో ఏదీ ఆరో క్రోమోజోము మీద లేదు కాబట్టి ఈసారి ఎదురెదురు సహలగ్నత చిక్కు ఉండదు, చిన్న జనాభాతోనే పని సాగుతుంది. పీఐ2 దాత రకం నారును జూన్‌లో మూడు విడతలుగా పోస్తాం.